డిబేట్ జట్టు: తిరుపతి, చిత్తూరు సీమలో విశ్వవిద్యాలయ వాదపోటీలు

విశ్వవిద్యాలయం తరఫున వాదపోటీలకు దిగే విద్యార్థుల బృందం డిబేట్ జట్టు. నిర్వాహకులు ఒక అంశం ఇస్తారు. అనుకూలంగా మాట్లాడాలా, వ్యతిరేకంగానా అన్నది చాలా పోటీల్లో వక్త చేతిలో ఉండదు, చీటీ తేలుస్తుంది. ఇచ్చిన నిమిషాల్లో తన వాదం నిలబెట్టాలి, ఎదుటి వాదం పడగొట్టాలి, మధ్యలో లేచి అడ్డుప్రశ్న వేసినవారికి బదులివ్వాలి. బడిలో పంద్రాగస్టుకీ గాంధీ జయంతికీ జరిగే వక్తృత్వ పోటీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వక్తృత్వంలో వక్త మాట్లాడి దిగిపోతాడు, కాదనేవాళ్లుండరు. బట్టీ పట్టిన ప్రసంగానికి అక్కడ బహుమతి రావచ్చు. డిబేట్‌లో అది రెండో నిమిషానికే దొరికిపోతుంది.

తిరుపతిలోనూ చుట్టుపక్కలా ఉన్నత విద్యాసంస్థలు గుంపుగా ఉన్నాయి. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొందిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వేద విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ అన్నీ ఒక్క పూటలో చుట్టి రాగల దూరంలోనే ఉన్నాయి. నగరి, పుత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు వైపు నుంచి డిగ్రీకో పీజీకో వచ్చే పిల్లలు మొదటిసారి మైకు ముందు నిలబడేది చాలావరకు ఈ ఆవరణల్లోనే. ఇక్కడ పోటీలకు కొదవ లేదు. ఏడాది పొడుగునా సాధన చేస్తూ, సీనియర్లు జూనియర్లకు నేర్పుతూ నిలిచే జట్టుకే కొదవ. సర్క్యులర్ రావడం, తరగతిలో ‘ఎవరు బాగా మాట్లాడతారు’ అని అడగడం, రెండు పేర్లు రాసి పంపడం, పోటీ అయ్యాక అంతా మరిచిపోవడం మామూలుగా జరిగే తంతు. ఈ లోటు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఈ సీమకు వాదంతో ఉన్న పాత చుట్టరికం తెలియాలి.

కట్టమంచి నుంచి కేంబ్రిడ్జికి

విశ్వవిద్యాలయ డిబేట్ చరిత్రలో చిత్తూరు పేరు తొలిసారి గట్టిగా వినబడింది ఇంగ్లండులో. చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1902లో కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. అక్కడి యూనియన్ సొసైటీ 1815 నుంచి నడుస్తున్న చర్చాసభ. తీర్మానం చదవడం, అనుకూల ప్రతికూల వక్తలు ఎదురుబొదురుగా నిలవడం, చివర సభ్యులు ఓటు వేయడం దాని పద్ధతి. బ్రిటిష్ పార్లమెంటుకి అదొక పాఠశాల అని పేరు. తర్వాత ఆ సొసైటీకి రెడ్డి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అది ఎవరో నియమించే పదవి కాదు, సభలో తన మాట విన్న వాళ్లే ఎన్నుకోవాలి. పాలించే దేశపు యువకుల చేత, వాళ్ల భాషలో, వాళ్ల ఆటలో ఓట్లు వేయించుకోవడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అంతకు ముందే ఆయనకు పోటీ రుచి తెలుసు. ‘ముసలమ్మ మరణము’ కావ్యం మద్రాసు క్రైస్తవ కళాశాలలోని తెలుగు భాషా సంఘం పెట్టిన పోటీ కోసం రాసినదే. తర్వాత ‘కవిత్వ తత్త్వ విచారము’లో ప్రబంధ కవుల మీద ఆయన చేసిన దాడి తెలుగు సాహిత్య లోకంలో పెద్ద రభస రేపింది. ఇష్టం లేనివాళ్లు కూడా దాన్ని చదవక తప్పలేదు, ఎందుకంటే జవాబు చెప్పాలి కదా. డిబేట్‌లో ఆరితేరినవాడు విమర్శ రాస్తే ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లకు ఆ పుస్తకమే మంచి నమూనా.

ఆయన వాదపటిమకు అసలు పరీక్ష మద్రాసు శాసనమండలిలో ఎదురైంది. జస్టిస్ పార్టీ నుంచి విడివడ్డ రెడ్డి 1923 నవంబరు 27న పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టాడు. మన చట్టసభల చరిత్రలో ఇదే మొదటి అవిశ్వాస తీర్మానమని చెబుతారు. 44 ఓట్లు అనుకూలం, 65 ప్రతికూలం, తీర్మానం వీగిపోయింది. చర్చాసభలో ఓట్లు మాటకు పడతాయి, శాసనసభలో పార్టీకి పడతాయి. కేంబ్రిడ్జిలో గెలిచినవాడు మద్రాసులో ఓడడానికి కారణం అంతకంటే వెతకనక్కరలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన ఆయన, మధ్యలో పదవి వదులుకున్న కాలం పోను, 1949 దాకా దాన్ని నడిపాడు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో దివ్యజ్ఞాన కళాశాల పెట్టింది. దాదాపు అదే సమయంలో మద్రాసులో ‘మద్రాసు పార్లమెంటు’ అనే నమూనా చట్టసభను కూడా నడిపింది. అసలు పార్లమెంటు లేని దేశంలో ఉత్తుత్తి పార్లమెంటు పెట్టి చర్చలు జరపడం అప్పట్లో రాజకీయ చర్యే. హోమ్ రూల్ ఉద్యమంలో విద్యార్థులు పాల్గొన్నందుకు మదనపల్లె కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపు పోగొట్టుకుంది. 1919లో రవీంద్రుడు బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఈ కళాశాలలోనే.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ప్రాంతంలో యువకుల మాటకు పదును పెట్టింది డిబేట్ క్లబ్బుల కంటే విద్యార్థి సంఘాల ఎన్నికలే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివిన నారా చంద్రబాబునాయుడు రాజకీయ జీవితం 1970లలో అక్కడి విద్యార్థి రాజకీయాల్లోనే మొదలైంది. 1980ల చివర రాష్ట్రంలో క్యాంపస్ ఎన్నికలు నిలిపివేశారు. గొడవలు తగ్గి ఉండవచ్చు. దాంతోపాటు వందల మంది ముందు నిలబడి, ఈలల మధ్య, ఎదుటి అభ్యర్థికి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు కూడా పోయింది. ఆ ఖాళీని యువజనోత్సవాలు సగమే నింపాయి.

వాదం, జల్పం, వితండం

తిరుపతికి ఇంకో వాద సంప్రదాయం ఉంది, అది ఇంగ్లండు నుంచి వచ్చింది కాదు. సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రార్థం, వాక్యార్థ సభ ఇప్పటికీ చదువులో భాగం. ఒక పండితుడు పూర్వపక్షం ఎత్తుతాడు, మరొకడు సిద్ధాంతం చెబుతాడు. న్యాయం, వ్యాకరణం, మీమాంస, వేదాంతం ఏదైనా పద్ధతి ఒకటే. సంస్కృత విద్యార్థులకు దేశవ్యాప్తంగా జరిగే శాస్త్రీయ భాషణ పోటీలు, శలాకా పరీక్షలు, అక్షరశ్లోకి వంటివి ఈ ఆవరణకు బాగా పరిచయం.

గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం, అందులో ఇద్దరికీ తమ తమ పక్షం ఉంటుంది. తన పక్షమంటూ ఏదీ లేకుండా ఎదుటివాడిదాన్ని కూలగొట్టడమే పని అయితే అది వితండం. ఈ కొలతతో చూస్తే నేటి విశ్వవిద్యాలయ డిబేట్ అచ్చమైన జల్పం. దాన్ని గౌతముడు తీసిపారేయలేదు. మొలకను కాపాడడానికి చుట్టూ ముళ్లకంప వేసినట్టు, తత్త్వనిశ్చయాన్ని కాపాడడానికి జల్ప వితండాలు పనికొస్తాయన్నాడు. వితండాన్ని నేటి జడ్జీలు అంత ఉదారంగా చూడరు. ప్రతిపక్షంలో ఉన్న జట్టు తనకంటూ ఒక నిలకడైన వాదం లేకుండా కేవలం కాదు, కాదంటే మార్కులు తెగుతాయి.

వాదంలో ఓటమికి న్యాయశాస్త్రం ఇరవై రెండు నిగ్రహస్థానాలు లెక్కపెట్టింది. మొదట చెప్పిన మాటను తానే వదిలేయడం ప్రతిజ్ఞాహాని. ఇరుక్కున్నాక మాట మార్చి కొత్త ప్రతిజ్ఞ చేయడం ప్రతిజ్ఞాంతరం. చెప్పిందే చెప్పడం పునరుక్తం. జవాబు తోచక నిలబడిపోవడం అప్రతిభ. వేరే పని ఉందని వంక పెట్టి చర్చ మధ్యలో జారుకోవడం విక్షేపం. రెండు వేల ఏళ్ల నాటి ఈ జాబితా చేతిలో పెట్టి ఇవాళ్టి ఇంజినీరింగ్ కాలేజీ డిబేట్‌కు జడ్జీగా కూర్చోబెట్టినా పని జరిగిపోతుంది. తిరుపతిలో ఈ విద్య ఒక ఆవరణలో, ఇంగ్లీషు డిబేట్ మరో ఆవరణలో నడుస్తున్నాయి. రెండూ ఒకరినొకరు పెద్దగా పలకరించుకోవు. ఇరుపక్షాలకూ అది నష్టమే.

పోటీల రకాలు

మామూలు విద్యార్థికి మొదట ఎదురయ్యేది యువజనోత్సవం. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే ఈ ఉత్సవాల్లో సంగీతం, నాటకం, నృత్యంతోపాటు సాహిత్య విభాగం కింద క్విజ్, వక్తృత్వం, డిబేట్ ఉంటాయి. కాలేజీల మధ్య పోటీలో నెగ్గినవారు విశ్వవిద్యాలయం తరఫున మండల స్థాయికి, అక్కడ నెగ్గితే జాతీయ స్థాయికి వెళతారు. డిబేట్‌కు ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు. ఒకరు అనుకూలం, ఒకరు వ్యతిరేకం. అంటే ఒకే జట్టువాళ్లు ఒకరికొకరు ఎదురు మాట్లాడతారు! కాగితం చూసి చదవకూడదు. ఇది పాతకాలపు పద్ధతి. ఇందులో ఎదురుదెబ్బకు చోటు తక్కువ, వాగ్ధాటికి ఎక్కువ.

యువ పార్లమెంటు మరో రకం. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ 1997-98 నుంచి ఈ పోటీ పెడుతోంది. ప్రమాణ స్వీకారం, ప్రశ్నోత్తరాలు, బిల్లు, విపక్షం కేకలు అన్నీ ఉంటాయి. అన్నీ ముందే రాసుకుని రిహార్సల్ చేసినవి కాబట్టి దీన్ని డిబేట్ కంటే నాటకానికి దగ్గరగా చూడడమే సబబు. సభా మర్యాదలు నేర్చుకోవడానికి మాత్రం ఇంతకు మించినది లేదు. 2019లో మొదలైన జాతీయ యువ పార్లమెంటు ఉత్సవం వేరు, అందులో 18 నుంచి 25 ఏళ్ల లోపు వారు జిల్లా స్థాయి నుంచి ఒంటరి వక్తలుగా పోటీ పడి ఢిల్లీ దాకా వెళ్లవచ్చు. న్యాయశాస్త్రం చదివేవారికి మూట్ కోర్టు, అంటే నమూనా న్యాయస్థానం, ఉండనే ఉంది.

జట్టుగా ఆడే అసలు ఆట పార్లమెంటరీ డిబేట్. ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేట్ ఛాంపియన్‌షిప్ 1981లో గ్లాస్గోలో మొదలైంది. అందులో వాడే బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో ఒక గదిలో నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. రెండు జట్లు ప్రభుత్వం వైపు, రెండు ప్రతిపక్షం వైపు. మోషన్ (తీర్మానం) చెప్పాక తయారీకి పదిహేను నిమిషాలు, ప్రసంగానికి ఏడు. మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప మధ్యలో ఎప్పుడైనా ప్రత్యర్థి లేచి పాయింట్ అడగవచ్చు; తీసుకోవాలా వద్దా అన్నది మాట్లాడేవారి ఇష్టం, అయితే ఒక్కటీ తీసుకోకపోతే పిరికితనంగా లెక్క. చివర జడ్జీలు నాలుగు జట్లకూ ర్యాంకులిచ్చి 3, 2, 1, 0 పాయింట్లు వేస్తారు. ఆసియా పద్ధతిలో రెండే జట్లు, జట్టుకు ముగ్గురు, చివర చిన్న ముగింపు ప్రసంగం. ఈ ప్రపంచ పోటీ 2014 సంచిక చెన్నైలో జరిగింది, హార్వర్డ్ జట్టు గెలిచింది. నగరికి చెన్నై సుమారు వంద కిలోమీటర్ల దూరం.

చేరడం, సాధన

జట్టు ఉన్న చోట ఎంపిక సాధారణంగా రెండు మెట్లలో జరుగుతుంది. ముందు ‘జామ్’ లాంటిది, అంటే చీటీలో వచ్చిన అంశం మీద నిమిషమో రెండు నిమిషాలో ఆగకుండా మాట్లాడడం. తర్వాత నమూనా డిబేట్. కొత్తవారు ఉచ్చారణ గురించి, స్టేజి భయం గురించి బెంగపెట్టుకుంటారు. ఎంపిక చేసేవారు చూసేది చాలావరకు చెవిని. ఎదుటివాడు ఏమన్నాడో సరిగ్గా విని, దానికే జవాబు చెప్పినవాడు తడబడినా నెగ్గుతాడు. తాను రాసుకొచ్చిందే అప్పజెప్పినవాడు గడగడా మాట్లాడినా మిగిలిపోతాడు.

వాదం కట్టడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. నగరి, పుత్తూరు ప్రాంతం మరమగ్గాలకు పెట్టింది పేరు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల చీరలు, ధోవతులు, తువ్వాళ్లు, లుంగీలు వంటి పదకొండు వస్త్రాలను చేమగ్గానికే కేటాయించింది; వాటిని మరమగ్గం మీద నేయకూడదు. మొదట ఇరవై రెండు ఉండేవి, తర్వాత సగానికి కుదించారు. ‘ఈ సభ ఆ చట్టాన్ని రద్దు చేయాలని కోరుతుంది’ అన్న మోషన్ వచ్చిందనుకుందాం. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నగరి విద్యార్థికి చీటీలో ప్రతిపక్షం పడింది, అంటే చట్టాన్ని సమర్థించాలి. ఇంట్లో రోజూ విన్నదంతా అవతలి జట్టు నోట వింటూ దాన్ని ఖండించాలి.

ఇక్కడ ‘చేనేత మన సంస్కృతి’ అని మొదలుపెడితే పని జరగదు. అది ప్రకటనే గాని వాదం కాదు. జడ్జీ అడిగేది: ఎలా? ఎవరికి? ఎంత? అనుభవం ఉన్న జట్టు ఇలా నడుస్తుంది. మరమగ్గం అదే చీరను తక్కువ ఖర్చులో నేస్తుంది. కొనేవారికి తేడా తెలియదు. తెలియని చోట ధరే గెలుస్తుంది. కాబట్టి చేమగ్గం నాణ్యతతో పోటీ పడే అవకాశమే పోతుంది. ఆ మగ్గం ఆగితే వీధిన పడేది నేసేవాడొక్కడే కాదు, ఇంట్లో నూలు చుట్టే ఆడవాళ్లు కూడా. మరమగ్గానికి వేరే వస్త్రాలున్నాయి, చేమగ్గానికి ఇవే ఉన్నాయి. అవతలి పక్షం చట్టం సరిగా అమలు కావడం లేదు కాబట్టి తీసేయమంటుంది. అమలు లోపం అమలును సరిచేయడానికి కారణం అవుతుందే గాని రద్దుకు కాదని బదులు. ఆ వెంటనే ‘మరమగ్గం మీద బతికేవాడూ పేద కూలీయే కదా’ అని పాయింట్ లేస్తుంది. దానికి సిద్ధంగా లేకపోతే రౌండ్ పోయినట్టే. మన నగరి విద్యార్థికి ఆ ప్రశ్న అందరికంటే ముందు తెలుసు, ఎందుకంటే అది వాళ్ల ఇంటి ప్రశ్న. అవతలి పక్షాన్ని లోపలినుంచి తెలిసినవాడే దాన్ని బాగా ఖండించగలడు.

సాధనలో సగం చదువే. దినపత్రికల సంపాదకీయాలు, బడ్జెట్, కోర్టు తీర్పులు, పొరుగు దేశాల వార్తలు అంశాలవారీగా ‘మ్యాటర్’ ఫైలుగా పోగేస్తారు. తయారీ సమయంలో ఇంటర్నెట్ ఉండదు, తలలో ఉన్నదే ఆస్తి. మిగతా సగం ఒకరినొకరు ఓడించుకోవడం.

ఊరి నుంచి వచ్చేవారికి అడ్డంకులు మరో రకం. సాధన సాయంత్రాలు జరుగుతుంది. డే స్కాలర్లు నగరి బస్సో, అరక్కోణం వైపు రైలో పట్టుకోవాలి. అమ్మాయిలకు హాస్టల్ గేటు వేళలుంటాయి. వేరే నగరంలో మూడు రోజుల టోర్నమెంటు అంటే అటెండెన్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రయాణ ఖర్చు, ఇంట్లో ఒప్పించడం. ఆఖరిది కొందరికి అన్నింటికంటే కష్టమైన డిబేట్. యువజనోత్సవాలకు ఖర్చు విశ్వవిద్యాలయం పెట్టుకుంటుంది, పార్లమెంటరీ టోర్నమెంట్లకు చాలాచోట్ల విద్యార్థులే పెట్టుకోవాలి. జట్టు నిలవకపోవడానికి ప్రతిభ లేకపోవడం కంటే ఈ లెక్కలే పెద్ద కారణం.

భాష

యువజనోత్సవ డిబేట్ నియమాల్లో మాట్లాడే భాష హిందీ లేదా ఇంగ్లీషు. పార్లమెంటరీ పోటీలు మన దగ్గర దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. కాలేజీలో తెలుగులో ఎదురులేని వక్త మండల స్థాయికి వెళ్లగానే మూగవాడైపోయే పరిస్థితి దీనివల్లే వస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఈ సమస్యను గుర్తించింది. ఇంగ్లీషు రెండో భాషగా ఉన్నవారికీ, పరాయి భాషగా ఉన్నవారికీ అక్కడ వేరువేరు ఫైనళ్లు ఉన్నాయి. మన దేశంలోని పోటీలు కూడా ఈ ఏర్పాటును మరింత ఉదారంగా తెచ్చుకోవచ్చు.

నగరి వైపు పరిస్థితి ఇంకా ఆసక్తికరం. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం. సరిహద్దు సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లాక కూడా ఈ కలగలుపు పోలేదు. తమిళ ఛానళ్లు చూసే ఇళ్లలో పొంగల్‌కు, దీపావళికి పట్టిమన్రం తప్పనిసరి. ‘సంసారంలో సుఖం పెళ్లికి ముందా, తర్వాతా’ వంటి అంశం మీద రెండు జట్లు హాస్యంగా కొట్లాడతాయి, నడువర్ చివరన తీర్పు చెబుతాడు. మదురై అమెరికన్ కాలేజీలో తమిళ ఆచార్యుడిగా పనిచేసిన సాలమన్ పాపయ్య ఈ పీఠానికి మారుపేరు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. డిబేట్‌ను జనం పండగపూట కూర్చుని చూసే వినోదంగా తమిళులు మార్చుకున్నారు. మనకు అవధానంలో అప్రస్తుత ప్రసంగం ఉంది, ధర్మరాజు గుళ్ల దగ్గర భారత ఉత్సవాల్లో రాయబారం ఘట్టానికి రాత్రంతా మేలుకునే జనం ఉన్నారు, కానీ తెలుగులో జట్టు వాదం ఇంకా అలాంటి పీఠం ఎక్కలేదు. తెలుగు పార్లమెంటరీ డిబేట్‌ను ఏ విశ్వవిద్యాలయమైనా పట్టుదలగా నడిపితే వినేవాళ్లకు లోటుండదు.

తీర్పు

రౌండ్ ముగిశాక జడ్జీలు కూర్చుని ఎవరికి ఏ ర్యాంకు ఎందుకో నోటితో వివరించడం పార్లమెంటరీ పద్ధతిలో ఆనవాయితీ. వక్తలు వెళ్లి విడిగా అడగవచ్చు కూడా. యువజనోత్సవాల్లో మార్కుల కాగితం మూసి ఇచ్చేస్తారు, ఎందుకు ఓడారో తెలియదు. కొత్త జట్టుకు మొదటి పద్ధతిలో ఒక ఓటమి నేర్పినంత, రెండో పద్ధతిలో మూడు గెలుపులు నేర్పవు.

పెద్ద టోర్నమెంట్లలో ప్రతి విశ్వవిద్యాలయం తాను పంపే జట్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ మంది జడ్జీలను వెంట తీసుకురావాలన్న నియమం ఎక్కువగా కనిపిస్తుంది. రెండు జట్లు పంపితే ఒక జడ్జీ. ఈ నియమంతోనే చిన్న ఊళ్ల విద్యాసంస్థలు వెనకడుగు వేస్తాయి, ఎందుకంటే జడ్జీకి కావలసింది తానూ ఒకప్పుడు వాదించి ఉండడం. రెండేళ్లు ఆడిన సీనియర్ ఒకరు పీజీలో ఉండిపోయి జడ్జీగా మారితేనే రెండో జట్టుకు మరుసటి ఏడాది ప్రవేశం దొరుకుతుంది. తిరుపతి జట్లలో మొదట తయారు చేసుకోవలసిన మనిషి ఆ సీనియరే.